తాళంచెవి ఎక్కడుంది?

తెలుగు ఇంట్లో రాత్రి పడుకోబోయే ముందు జరిగే ఆఖరి పని తాళాలు వేయడం. వీధి గేటుకు ఒకటి, వరండా గ్రిల్‌కు ఒకటి, పెద్ద తలుపుకు లోపలి గడియ, దాని కింద ఇంకో లాకు, పెరటి తలుపుకు అడ్డగడియ. కిటికీలకు ఎలాగూ ఇనప ఊచలున్నాయి. గుత్తి ఇంటి పెద్ద దిండు కిందికో, పూజగది అలమరలోకో, ఫ్రిజ్ మీదికో చేరుతుంది. ఎక్కడ పెట్టారో చాలా ఇళ్లలో ఆ ఒక్కరికే తెలుసు. దొంగ సంగతి ఆలోచిస్తే ఇదంతా అవసరమే. కానీ మంట వంటగదిలోనో, మెట్ల కింద కరెంటు మీటర్ల దగ్గరో పుట్టిన రాత్రి ఆ తాళాలన్నీ లోపలివాళ్లకే అడ్డం పడతాయి. మన ఇళ్లను ఎవరూ లోపలికి రాకుండా కట్టుకున్నాం. అందరూ ఒక్కసారిగా బయటికి రావాల్సిన గడియ గురించి మేస్త్రీ అడగడు, ఇంటాయనా చెప్పడు.

2025 మే 18, ఆదివారం తెల్లవారి ఆరు గంటల వేళ హైదరాబాద్ చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత మేడకు నిప్పంటుకుంది. కింద దుకాణాలు, పైన కుటుంబం. వేసవి సెలవులకు వచ్చిన బంధువులు కూడా ఆ రోజు అక్కడే ఉన్నారు. 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. లోపలికి వెళ్లడానికి సొరంగంలాంటి దారి ఒక్కటే ఉందనీ, దాని వెడల్పు రెండు మీటర్లనీ, పైకి వెళ్లే మెట్లు మీటరు వెడల్పేననీ అగ్నిమాపక శాఖ చెప్పింది. ఆ దారి మొదట్లోనే మంట ఉంటే పైనున్నవాళ్లు ఎటు పోతారు?

అంతకు మూడేళ్ల ముందు, 2022 మార్చి 23న, సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము పైన నిద్రపోతున్న బిహార్ కూలీలు 11 మంది చనిపోయారు. వాళ్లకున్నది గుండ్రంగా తిరిగే ఇనప మెట్లు ఒక్కటే. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది భాగంలో దాచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది పోయారు. మంట కింద, ఊపిరాడక ప్రాణాలు విడిచినవాళ్లు పై అంతస్తుల్లో. ఈ మూడింటిలోనూ మంట ఎలా పుట్టిందన్న దానిమీదే పత్రికల్లో ఎక్కువ చర్చ జరిగింది. షార్ట్ సర్క్యూట్, నిర్లక్ష్యం, అనుమతులు. అవన్నీ తేలాల్సినవే. అయితే తన ఇంట్లో రెండో దారి ఉందా అని ఆ వారమైనా చూసుకున్న పాఠకులు ఎంతమంది?

మంటలో చనిపోయినవాళ్లలో ఎక్కువమందిని చంపేది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్న మనిషిని అది లేపదు, ఇంకా గాఢ నిద్రలోకి దించుతుంది. ఫోము పరుపు, సోఫా కాలితే హైడ్రోజన్ సైనైడ్ కూడా పుడుతుంది. అమెరికాలో యూఎల్ సంస్థ అగ్నిభద్రత పరిశోధకులు లెక్కగట్టిన దాన్నిబట్టి, ఒకప్పుడు ఇంట్లో మంట పుడితే తప్పించుకోవడానికి సుమారు 17 నిమిషాలు ఉండేది, ఇప్పుడు 3 నిమిషాలో అంతకంటే తక్కువో. పత్తి, కర్ర సామాను పోయి ఫోము, ప్లాస్టిక్ వచ్చినందువల్ల ఈ తేడా. మనవి ఇటుక గోడలు, సిమెంటు స్లాబు కదా అనుకోవడానికి లేదు. గోడలు కాలవు, నిజమే. గదిలో ఉన్న సామాను మాత్రం ఇక్కడా అదే.

ఒకప్పుడు కోస్తా పల్లెల్లో తాటాకు ఇళ్లుండేవి. ఎండాకాలం వడగాడ్పుకు ఒక చూరు అంటుకుంటే వీధి వీధంతా బూడిదయ్యేది. ఆ భయం వల్లే ఆ ఊళ్లలో ప్రతివాడికీ తన పని తెలుసు. పసిపిల్లల్ని ఎత్తుకునేది ఒకరు, పశువుల పలుపులు కోసి తోలేది ఒకరు, గాలివాటున ఉన్న పక్కింటి కప్పు మీది ఆకు లాగి పడేసేది ఇంకొందరు. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. చిన్నప్పటినుంచీ చూసి నేర్చుకున్నారు. పక్కా ఇళ్లు వచ్చాక ఆ భయం పోయింది, అది సంతోషమే. భయంతోపాటు ఆ తెలివిడి కూడా పోయింది. దాన్ని ఇప్పుడు పనిగట్టుకుని మళ్లీ నేర్చుకోవాలి.

నేర్చుకోవడం ఒక తెల్ల కాగితంతో మొదలవుతుంది. ఇంటి నమూనా గీసి, ఒక్కో గదిలోకీ వెళ్లి నిలబడి, ఈ తలుపు బయట పొగ ఉంటే ఇంకెటు పోవచ్చని అడగాలి. గీయడం పిల్లలకు అప్పగిస్తే మంచిది, పెద్దలు అలవాటుపడి చూడటం మానేసినవి వాళ్ల కంట పడతాయి. చాలా గదుల్లో జవాబు కిటికీ. కిటికీకి కదలని ఊచలు. ఇక్కడ వెల్డర్‌ను పిలవక తప్పదు. ప్రతి పడకగదిలో కాకపోయినా, మెట్లకు దూరంగా ఉన్న ఒక్క గదిలోనైనా, కిటికీ గ్రిల్‌లో మనిషి దూరేంత భాగాన్ని మడతబందుల మీద తెరుచుకునేలా చేయించి, లోపలి నుంచి తాళం పెట్టించాలి. ఆ తాళంచెవిని గోడకు మేకు కొట్టి అక్కడే వేలాడదీయాలి. బయటినుంచి చెయ్యి పెడితే అందకూడదు, లోపలివాళ్లకు చీకట్లో తడిమితే అందాలి. పెద్ద తలుపు తాళంచెవికి కూడా అలాంటి మేకే ఉండాలి, గుత్తి రోజూ రాత్రి దాని మీదికే చేరాలి. మొత్తం ఏర్పాటులో అతి చవకైనది ఈ మేకు. అతి ముఖ్యమైనదీ అదేనని ఈ కాలమ్ రాసే వ్యక్తి గట్టి నమ్మకం.

తర్వాత బయట కలుసుకునే చోటు. గేటు అవతల వేపచెట్టో, ఎదురింటి అరుగో, ఏదో ఒకటి ముందే అనుకోవాలి. అక్కడ తలలు లెక్కపెట్టుకుంటే ఎవరు లోపల చిక్కుకున్నారో ఫైరింజన్ సిబ్బందికి వెంటనే చెప్పవచ్చు. ఆ చోటు లేకపోతే, అప్పటికే బయటపడ్డ కొడుకు కోసం తండ్రి మళ్లీ పొగలోకి వెళతాడు.

కాగితం మీద ఇదంతా సులువు. సాధనలో కష్టమేమిటో చీకట్లో తెలుస్తుంది. ఈ కాలమ్ రాసే వ్యక్తి ఇంట్లో ఒక ఆదివారం రాత్రి అందరూ పడుకున్నాక మెయిన్ స్విచ్ ఆపి మొదటి కసరత్తు చేశారు. పొగ పైకి చేరుతుంది కాబట్టి నేలకు దగ్గరగా వంగి వెళ్లాలి, గోడను వదలకుండా తడుముకుంటూ కదలాలి, మూసిన తలుపు తెరిచేముందు చేతి వెనక భాగంతో తాకి వేడి చూడాలి. పిల్లలకు ఇదంతా ఆటలా నచ్చింది. హాల్లో మంచం మీదున్న నానమ్మ మాత్రం కదల్లేదు. ‘‘నా మోకాళ్లతో ఏం పాకుతానురా, నన్నొదిలేసి మీరు పొండి’’ అంది. మాట మామూలుగానే అన్నా, నిజంగా మంట వచ్చిన రోజున ఆవిడ అదే అంటుందని ఇంట్లో అందరికీ అర్థమైంది. ఆ రాత్రే నిర్ణయాలు మారాయి. ఆవిడ మంచం పెద్ద తలుపుకు దగ్గరి గదిలోకి మారింది. చేతికర్ర, కళ్లజోడు తలాపునే ఉండాలన్నారు. నానమ్మను లేపి తీసుకురావడం పెద్ద మనవడి పని, ఇంకెవరిదీ కాదు. వాడు లేని రాత్రి ఆ పని ఎవరిదో కూడా పేరు పెట్టి చెప్పుకున్నారు. ఏ పుస్తకంలోని సలహా అయినా ఇంత కచ్చితంగా ఆ ఇంటికి సరిపోయేది కాదు.

పిల్లల నిద్ర గురించి పెద్దలకు ఒక భ్రమ ఉంటుంది, అలారం మోగితే లేస్తారని. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధనలో 34 మంది పిల్లలు నిద్రపోతుండగా పొగ అలారాలు మోగిస్తే 27 మంది లేవలేదు. కీచుమనే ఆ శబ్దానికి బదులు మంద్రస్థాయి మోత, దాంతోపాటు ఒక స్త్రీ గొంతు వినిపించినప్పుడు చాలా ఎక్కువమంది లేచారు. మన ఇళ్లలో పొగ అలారం ఉండటమే అరుదు. బ్యాటరీతో నడిచే చిన్న పరికరం ఒకటి పడకగదుల బయట స్లాబుకు బిగించుకోవడం అవసరం. అయినా పిల్లల్ని వెళ్లి లేపే మనిషి ఎవరో ముందే తేల్చుకోవాలి. బంధువులు వచ్చి ఉన్న రోజుల్లో వాళ్లకూ ఆ మేకు, ఆ దారి చూపించాలి. మంచినీళ్లు ఎక్కడున్నాయో చెప్పేటప్పుడే ఈ మాటా చెబితే ఎవరూ అపశకునం అనుకోరు.

పడకగది తలుపు మూసి పడుకునే అలవాటు కూడా ప్రాణాలు నిలుపుతుంది. యూఎల్ పరిశోధకుల ప్రయోగాల్లో తలుపు తెరిచి ఉన్న గది 500 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు, మూసిన గదిలో వేడి 40 డిగ్రీల లోపే ఉంది. బయటికి పరిగెత్తేవాళ్లు కూడా వెనక తలుపు వేసి వెళ్లాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు ఇంటి తలుపు దాటాక రెండో సగం మొదలవుతుంది. లిఫ్టు జోలికి పోకూడదు. మెట్ల మీద పొగ దట్టంగా ఉంటే దిగడానికి ప్రయత్నించకుండా ఫ్లాట్‌లోకి వెనక్కి వచ్చి తలుపు వేసి, కింది సందులో తడి తువ్వాలు కుక్కి, బాల్కనీలోకి వెళ్లి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. ఎన్నో అంతస్తు, ఏ ఫ్లాట్, ఏ వైపు బాల్కనీ అన్నవి చెప్పాలి. ఇక మెట్ల సంగతి. చెప్పుల స్టాండ్లు, పాత కూలర్లు, పిల్లల సైకిళ్లు, ఎవరిదో తెలియని అట్టపెట్టెలు. అవి దారిని ఇరుకు చేస్తాయి, అంటుకుంటే పొగా పుట్టిస్తాయి. డాబా తలుపు తాళంచెవి సంగతి మరీ దారుణం. చాలాచోట్ల అది వాచ్‌మన్ దగ్గరో, ఊళ్లో లేని కార్యదర్శి ఇంట్లోనో ఉంటుంది.

కొత్తగా చేరిన ప్రమాదం బ్యాటరీ బండ్లు. 2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల తేడాతో నిజామాబాద్ జిల్లాలో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. రెండూ మనుషులు పడుకునే వేళ జరిగినవే. బ్యాటరీని పడకగదిలోనూ, బయటికి పోయే దారిలోనూ చార్జింగ్ పెట్టకూడదు, రాత్రంతా వదిలేయకూడదు. ఈ దారి సంగతి గీసిన నమూనాలోకి కూడా ఎక్కాలి: ఇంటికి ఉన్న ఒకే ఒక దారి పక్కన ఏం ఉంది, ఏది అంటుకోగలదు?

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలినప్పుడు చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఆ రోజును పాటిస్తారు. ఆ వారంలో సిబ్బంది బడులకు, ఆస్పత్రులకు, అపార్ట్‌మెంట్లకు వచ్చి ప్రదర్శనలు ఇస్తారు. అసోసియేషన్ సభ్యులు ముందుగా దగ్గరి అగ్నిమాపక కేంద్రానికి వెళ్లి తమ భవనానికి రమ్మని అడగాలి. వాళ్లు వచ్చినప్పుడు మంటలార్పే సిలిండర్ వాడటం చూసి చప్పట్లు కొట్టి ఊరుకోకుండా, మెట్లు ఎక్కించి, సెల్లార్ తిప్పి చూపించి, తమ వీధి మలుపులో ఫైరింజన్ తిరుగుతుందా, డాబా తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి అని అడగాలి. ఏప్రిల్ వరకు ఆగనక్కర్లేని పని మెట్ల మీది సామాను తీయడం. దాన్ని ఈ ఆదివారం అసోసియేషన్ మీటింగులో మొదటి అంశంగా పెట్టవచ్చు.