తాపీ పట్టిన కాంట్రాక్టరు
తాపీ పట్టి ఎదిగిన మేస్త్రి ఐదో తరగతి కాంట్రాక్టరుగా రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటే నాకెంతో గౌరవం. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ పనులకు అదే తొలి మెట్టు. పాన్, జీఎస్టీ, సాల్వెన్సీ సర్టిఫికెట్ అంటూ కాళ్లరిగేలా తిరగాలి; తిరుగుతాడు.

అసలు పనితనం సైటులో చూడాలి. స్లాబు వేసే రోజు కాంక్రీటును 15 సెంటీమీటర్ల ఇనుప అచ్చుల్లో మూడు పొరలుగా నింపి, పొరకు 35 పోట్లకు తగ్గకుండా కడ్డీతో పొడుస్తాడు. మర్నాడు అచ్చు విప్పి, తేదీ వేసి, దిమ్మెను నీళ్లతొట్టిలో ఉంచుతాడు. 28 రోజులయ్యాక ల్యాబులో అది ఎంత బరువుకు పగిలిందో చూస్తారు. ఇంజినీరు రాని రోజు కూడా క్యూరింగు ఆపడు, గోనెపట్టాలు ఆరనివ్వడు. పిల్లలు కూర్చునే బడి గదులు ఇలాంటివాళ్ల చేతికే రావాలి.