మంచి రోజు లెక్క

క్లబ్బులో నెలనెలా జరిగే గోల్ఫ్ పోటీ ఫలితాలు బోర్డు మీద చూసిన కొత్తవాళ్లకు మొదట ఏమీ అర్థం కాదు. 76 కొట్టినాయన పేరు కింద ఉంటుంది, 91 కొట్టినాయన పేరు పైన ఉంటుంది. తక్కువ షాట్లలో ముగించినవాడే గెలవాలి కదా! మొదటాయన హ్యాండిక్యాప్ 3, రెండో ఆయనది 19. అవి తీసేస్తే మిగిలేవి 73, 72. ఒక్క స్ట్రోక్ తేడాతో రెండో ఆయనే విజేత. బాగా ఆడేవాళ్లు ఆడలేనివాళ్లకు చూపించే దయ ఇది అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. హ్యాండిక్యాప్ దయ కాదు, కొలత. అదీ మన సగటు ఆటకు కొలత కాదు, మన మంచి ఆటకు కొలత.

బండలాగుడు పోటీల్లో ఎడ్లను పళ్లు చూసి విడదీస్తారు. రెండు పళ్లవి ఒక విభాగం, నాలుగు పళ్లవి ఒకటి, ఆరు పళ్లవి మరొకటి. సమానులకే పోటీ పెట్టడం న్యాయమే. గోల్ఫ్ కూడా న్యాయమే కోరింది గానీ ఎవరినీ విడదీయలేదు. డెబ్బై ఏళ్ల తాతను, కాలేజీకి వెళ్లే మనవరాలిని ఒకే రోజు, ఒకే మైదానంలో, ఒకే కప్పు కోసం నిలబెట్టింది. ఇద్దరికీ గెలిచే అవకాశం నిజంగానే ఉంటుంది. ఇలా చెప్పగలిగే ఆటలు ఎక్కువ లేవు.

పందొమ్మిదో శతాబ్దపు స్కాట్లండ్‌లో హ్యాండిక్యాప్ ఇద్దరి మధ్య బేరం. ప్రతి మూడో హోల్‌కు ఒక స్ట్రోక్ ఇస్తావా, హోల్ విడిచి హోల్‌కు ఇస్తావా అని మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గరే మాట్లాడుకునేవారు. ఒకరి ఆట ఒకరికి తెలిసినంతకాలం అది సాగింది. వందమంది చేరిన క్లబ్బులో సాగదు. అందుకని లెక్కలు పుట్టాయి, దేశానికో తీరుగా పెరిగాయి. 2020 దాకా ప్రపంచంలో ఆరు పద్ధతులు నడిచాయి. ఆ జనవరిలో గోల్ఫ్ నియమాలు చూసే ఆర్ అండ్ ఏ, అమెరికా గోల్ఫ్ సంఘం కలిసి వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ పేరుతో ఒకే పద్ధతి తెచ్చాయి.

దాని గుండెకాయ చిన్న నియమం. ఆటగాడి చివరి 20 రౌండ్లు తీసుకుంటారు. అందులో మెరుగైన 8 ఏరి సగటు కడతారు. మిగతా 12 పక్కన పెడతారు. వచ్చిన సంఖ్యే హ్యాండిక్యాప్ ఇండెక్స్. ఎంత బలహీనమైన ఆటగాడికైనా అది 54.0 దాటదు. పన్నెండు రౌండ్లను ఎందుకు వదిలేస్తారో గ్రహిస్తే పద్ధతి అంతా గ్రహించినట్టే. 18 అని రాసి ఉన్నంత మాత్రాన ఆయన రోజూ 18కి ఆడతాడని కాదు, చేయి తిరిగిన రోజున ఆడగలడని. మామూలు రోజున దానికంటే మూడు నాలుగు ఎక్కువే అవుతాయి. కాబట్టి హ్యాండిక్యాప్ తగ్గట్టు ఆడలేకపోయానని ప్రతి ఆదివారం బాధపడేవారికి నేను చెప్పేది ఒకటే: లెక్క మిమ్మల్ని తక్కువ చేయలేదు, మీ మంచి రోజునే గుర్తుపెట్టుకుంది.

ఆ రౌండ్లను ఉన్నవి ఉన్నట్టు కూడరు. ఏ మైదానంలో కొట్టిన 95 అన్నది ముఖ్యం. గోల్కొండ నయాఖిలా పక్కన రాళ్లూ గుట్టల మధ్య ఆట వేరు, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో సముద్రపు గాలిలో ఆట వేరు. అందుకే ప్రతి కోర్సుకూ, ఒక్కో టీకి విడివిడిగా, మగవాళ్లకూ ఆడవాళ్లకూ వేరువేరుగా రెండు సంఖ్యలు కడతారు. కోర్స్ రేటింగ్ అంటే హ్యాండిక్యాప్ సున్నా ఉన్న ఆటగాడు అక్కడ ఎంతలో ముగించాలన్నది. రెండోది స్లోప్. ఆ ఆటగాడికంటే మామూలు ఆటగాడికి ఈ కోర్సు ఎంత ఎక్కువ కష్టమో అది చెబుతుంది. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉండొచ్చు, మధ్యస్థం 113. అమెరికా నౌకాదళంలో పనిచేసిన డీన్ నూత్ దీనికి రూపం ఇచ్చాడు. 1980ల్లో అమెరికాలో అమలైంది. 200 గజాల అవతల ఉన్న నీళ్లగుంట మేటి ఆటగాడికి కంటికి కూడా ఆనదు, మనలాంటివాళ్ల బంతి సరిగ్గా అందులోనే పడుతుంది. ఆ తేడాను అంకెల్లో పెట్టడం చిన్న విషయం కాదు.

లెక్క చేసి చూద్దాం. కోర్స్ రేటింగ్ 71.2, స్లోప్ 128, పార్ (ముగించడానికి నిర్ణయించిన షాట్ల సంఖ్య) 72 అనుకోండి. మీరు 95 కొట్టారు. 95లో 71.2 తీసేస్తే 23.8. దాన్ని 113తో గుణించి 128తో భాగిస్తే 21.0. మీ ఖాతాలో చేరేది ఈ 21.0 మాత్రమే. ఆ రోజు గాలో వానో వచ్చి అందరి ఆటా దెబ్బతింటే, సాయంత్రం వచ్చిన కార్డులన్నీ చూసి ఆ మేరకు సవరింపు కూడా చేస్తారు. ఇప్పుడు తిరగేసి చూద్దాం. మీ ఇండెక్స్ 18.4 అయితే ఇదే కోర్సులో మీకు దక్కే స్ట్రోక్‌లు ఎన్ని? 18.4ను 128తో గుణించి, 113తో భాగించి, రేటింగ్‌కూ పార్‌కూ ఉన్న తేడా కలిపితే 20. స్లోప్ 105, రేటింగ్ 69, పార్ 70 ఉన్న తేలికైన కోర్సుకు వెళ్తే మీకు 16 మాత్రమే. మనిషి అతనే, ఇండెక్స్ అదే.

ఇందులో నాకు బాగా నచ్చిన మెలిక ఒకటుంది. పార్ 4 హోల్‌లో బంతి బంకర్లో చిక్కి పది షాట్లయ్యాయి అనుకోండి. పోటీ స్కోరులో పదికి పదీ పడతాయి, తప్పదు. కానీ హ్యాండిక్యాప్ లెక్కకు మాత్రం పార్‌కు రెండు, ఆ హోల్‌లో మీకొచ్చే స్ట్రోక్ ఒకటి కలిపి ఏడు దగ్గరే ఆపేస్తారు. ఒక్క బంకర్ మీ ఖాతానంతా పాడుచేయకూడదని.

కోర్సుకు వచ్చిన 20 కూడా పోటీలో మారుతుంది. ఎవరికివారు ఆడే స్ట్రోక్ ప్లేలో అందులో 95 శాతమే ఇస్తారు, అంటే 19. ఇద్దరే తలపడే మ్యాచ్ ప్లేలో వంద శాతం. ఎక్కువ హ్యాండిక్యాప్ ఉన్నవాళ్ల ఆటలో హెచ్చుతగ్గులు ఎక్కువ. వందమంది బరిలో ఉంటే వాళ్లలో ఎవరో ఒకరికి ఆ రోజు కలిసొస్తుంది. ఆ ఐదు శాతం కోత అందుకే.

పోటీ నడపడం లెక్కకంటే కష్టం. కమిటీ వాళ్లు చాలాచోట్ల జీతం లేని సభ్యులే. జెండాలు ఎక్కడ పాతాలి, మరమ్మతులో ఉన్న నేలకు ఎక్కడ సున్నం గీత గీయాలి, వానకు తడిసిన ఫెయిర్‌వేలో బంతి ఎత్తి తుడవనివ్వాలా, ఇవన్నీ మొదటి బంతి లేచేలోపు తేలాలి. స్ట్రోక్‌లు ఏ హోల్‌లలో పడాలన్న వరుస కార్డు మీద ముందే అచ్చవుతుంది. ఒకటి, రెండు సంఖ్యలు మొదటి తొమ్మిదిలో ఒకటి, రెండో తొమ్మిదిలో ఒకటి పెట్టాలి. లేకపోతే మ్యాచ్‌లో స్ట్రోక్‌లన్నీ ఒకవైపే పోగుపడతాయి.

రౌండ్ త్వరగా సాగాలంటే, వచ్చినవాళ్లు సంతోషంగా ఇంటికెళ్లాలంటే స్టేబుల్‌ఫోర్డ్ పెట్టమని నేనంటాను. ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్బు సముద్రపుటొడ్డున ఉంది. మొదటి రెండు మూడు హోల్‌లు చెడగానే సభ్యులు నీరుగారిపోవడం అక్కడ ఆడే డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ చూశాడు. స్ట్రోక్‌లు కూడే బదులు హోల్‌కు ఇన్ని పాయింట్లని పెట్టాడు. 1932 మే 16న వాలసీలో మొదటిసారి అలా ఆడారు. హ్యాండిక్యాప్ తీసేశాక పార్ వస్తే 2, ఒకటి ఎక్కువైతే 1, ఒకటి తగ్గితే 3, రెండు తగ్గితే 4. రెండో అంతకు మించో ఎక్కువైతే సున్నా. బంతి జేబులో వేసుకుని తరువాతి టీకి నడవొచ్చు. ఆ పది షాట్ల హోల్ ఇక్కడ ఒక్క సున్నాతో సరిపోతుంది.

ఇంతటి లెక్కా చివరికి ఒక చిన్న అట్టముక్క మీద ఆధారపడుతుంది. మీ స్కోరు మీ తోటి ఆటగాడు రాస్తాడు, అతని పేరు మార్కర్. ఆట అయ్యాక ఇద్దరూ హోల్ హోల్‌కూ సరిచూసుకుని సంతకాలు చేయాలి. కూడిక తప్పితే కమిటీ దిద్దుతుంది, హ్యాండిక్యాప్ తీసేయడమూ కమిటీ పనే. హోల్ స్కోరు మాత్రం ఆటగాడి బాధ్యత. తక్కువ రాసి ఇస్తే పోటీ నుంచి తొలగిస్తారు. ఎక్కువ రాసి ఇస్తే అదే నిలుస్తుంది. 1968 మాస్టర్స్‌లో అర్జెంటీనా ఆటగాడు రాబెర్టో డి విసెంజో 17వ హోల్‌లో 3 కొట్టాడు. మార్కర్ 4 అని రాశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు. బాబ్ గోల్బీతో సమానంగా నిలిచి ప్లేఆఫ్ ఆడాల్సినవాడు ఒక్క స్ట్రోక్ తేడాతో రెండో స్థానంలో మిగిలాడు. అంతటి పోటీలోనూ మీ క్లబ్బులోనూ నియమం ఒకటే. అందుకే కార్డులు తీసుకునే బల్ల దగ్గర ఎవరినీ తొందరపెట్టొద్దు. కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

ఇద్దరి స్కోరూ సమానమైతే చివరి తొమ్మిది హోల్‌లు చూస్తారు, తేలకపోతే చివరి ఆరు, మూడు, ఒకటి. తొమ్మిది చూసేటప్పుడు హ్యాండిక్యాప్‌లో సగం తీయాలి. 19కి తొమ్మిదిన్నర, ఆ అర కూడా లెక్కలోకి వస్తుంది. ఈ పద్ధతి ముందే నోటీసు బోర్డులో ఉండాలి. ఆట అయ్యాక చెబితే నిజాయితీగా చేసినా ఎవరూ నమ్మరు.

ఇక మోసం సంగతి. కప్పుల మీద ఆశతో మామూలు రోజుల్లో కావాలని చెడగొట్టి హ్యాండిక్యాప్ పెంచుకునేవాళ్లు ఉన్నారు. మంచి కార్డు దాచుకునేవాళ్లూ ఉన్నారు. పద్ధతి దీనికి అడ్డుకట్టలు వేసింది. ఏడాదిలో మీ అతి తక్కువ ఇండెక్స్ 12.0 అయితే, 15.0 దాటాక పెరిగేదాంట్లో సగమే కలుపుతారు, 17.0 దాటనే దాటనివ్వరు. ఇండెక్స్ కంటే ఏడు స్ట్రోక్‌లు మెరుగ్గా ఆడితే ఒకటి, పది మెరుగ్గా ఆడితే రెండు అదనంగా కోస్తారు. అయినా కంప్యూటర్ మనిషిని చూడలేదు. చూడాల్సింది క్లబ్బు హ్యాండిక్యాప్ కమిటీ. అనుమానం వస్తే పిలిచి మాట్లాడి, కారణం చెప్పి సంఖ్య మార్చే అధికారం దానికుంది. స్నేహితుడని, పెద్దమనిషని మొహమాటపడి ఊరుకుంటే, బుద్ధిగా కార్డులిచ్చే మిగతావాళ్లందరికీ అన్యాయం చేసినట్టే.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కొత్తగా ఆట మొదలుపెట్టినవారికి ఒక మాట. ఆట కుదిరాక హ్యాండిక్యాప్ తీసుకుందామని ఆగకండి. 54 హోల్‌ల స్కోర్లు చాలు, వాటిని తొమ్మిదేసిగా ఆడినా సరే. బాగా ఆడిన రోజైనా, చెడిన రోజైనా మార్కర్ సంతకంతో కార్డు క్లబ్బులో ఇచ్చేయండి. వచ్చే నెల పోటీలో మీ పేరు కూడా ఉంటుంది.