ఆర్ఫిరియస్ చక్రము: కొలతలకు అందని సంగతి

ఇంధనము లేకయే నిరంతరము తిరుగు చక్రమును కనిపెట్టితినని, ఆర్ఫిరియస్ అను పేరు పెట్టుకొన్న జర్మన్ యంత్రకారుడు యోహాన్ బెస్లర్ 18వ శతాబ్ది ఆరంభమున ప్రకటించెను. ఆ చక్రపు కొలతలు ఒకదానితో నొకటి పొసగవేమని వరంగల్లులో మా విద్యార్థు లడుగుచుందురు.

మొదటి కారణము, చక్రము ఒక్కటి కాకపోవుటయే. 1715 నాటి మెర్సెబర్గ్ చక్రము నిమిషమునకు 40 చుట్లకు పైగా తిరిగెనందురు. 1717 నాటి కాసెల్ చక్రము 25, 26 చుట్లే. రెంటిని కలిపి వర్ణించుట పొరపాటు. రెండవది, అడుగు. లీప్‌జిగ్ అడుగు సుమారు 28.3 సెంటీమీటర్లు, రైన్‌లాండ్ అడుగు 31.4. 12 అడుగుల వ్యాసమన్నచో 3.4 మీటర్లా, 3.8 మీటర్లా? మన మూర మనిషిని బట్టి మారుట లేదా! మూడవది, గడువు. ముద్రవేసిన గదిలో 1717 నవంబరు 12 నుండి 1718 జనవరి 4 వరకు పరీక్ష జరిగెను. 1721లో న్యూటనుకు వ్రాసిన లేఖలో గ్రావెసాండె దానిని రెండు నెలలనెను.

ఇవన్నియు సరిపడినను వాదము నిలువదు. చక్రమును గుడ్డతో కప్పిరి. ముద్రలు తలుపును కాచినవే కాని, యంత్రపు లోపలి భాగమును చూపలేదు. ప్రక్కగదినుండి చేతితో త్రిప్పెడివారమని 1727లో పనిమనిషి చెప్పెను. ఆమె మాటను శంకింపవచ్చును. కాని ఋజువు చూపవలసిన భారము బెస్లరుదే. గ్రావెసాండె పరీక్షించిన పిమ్మట అతడు చక్రమును తానే పగులగొట్టెను.

చుట్లు లెక్కించుట సులభము. లోనికి ఎంత శక్తి పోయెను, వెలుపలికి ఎంత పని వచ్చెను అన్న రెండు లెక్కలే అసలైన కొలత.