ముస్తఫా ఆటలో హన్నా

1995లో ఇంటర్ చదవడానికి రోజూ ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. బస్టాండు దగ్గర సందులో ఒక వీడియో గేముల షాపు ఉండేది. మా అన్న కాలేజీ ఎగ్గొట్టి అక్కడే ఉండేవాడు. ఒకరోజు వాణ్ణి పిలుచుకొద్దామని గడప దాకా పోయాను. "ఆడపిల్లవి, ఈడ నీకేం పనమ్మా?" అన్నాడు షాపతను. కోపంగా కాదు, మర్యాదగానే అన్నాడు. అందుకేనేమో ఇప్పటికీ గుర్తుంది.

గడప ఇవతల నుంచే చూశాను. తెర మీద ఒక మనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తూ, అడ్డొచ్చిన వాళ్ళందరినీ కొట్టుకుంటూ పోతున్నాడు. దాన్ని పిల్లలంతా 'ముస్తఫా ఆట' అనేవాళ్ళు. అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. ఆడడానికి అందులో నలుగురుంటారు. ఆ నలుగురిలో హన్నా డండీ అనే స్త్రీ కూడా ఉందని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. హన్నాను ఎంచుకున్నవాణ్ణి "ఏరా, ఆడపిల్లవా?" అని ఎగతాళి చేసేవాళ్ళని అన్న తర్వాతెప్పుడో చెప్పాడు.

హన్నా కొట్టేదైనా ఉంది. మిగతా ఆటల్లో స్త్రీ పని ఎత్తుకుపోబడడమే. 1987 నాటి 'డబుల్ డ్రాగన్' మొదలయ్యేదే మారియన్ కడుపులో ఒక రౌడీ గుద్ది, భుజాన వేసుకుపోవడంతో. 1989లో వచ్చిన 'ఫైనల్ ఫైట్'లో ఎత్తుకుపోయేది మేయర్ కూతురు జెస్సికాని. ఇక్కడ స్త్రీ మనిషి కాదు, మగవాళ్ళ కొట్లాటకు ఒక సాకు. ఇది మనకు కొత్తేం కాదు. 2003లో వచ్చిన 'ఒక్కడు'లో కర్నూలు ఫ్యాక్షన్ నాయకుడి నుంచి అమ్మాయిని కాపాడడానికి హైదరాబాదు నుంచి కబడ్డీ ఆటగాడు రావాల్సి వచ్చింది. మా సీమ ఆడవాళ్ళు సినిమాల్లో ఏడవడానికీ, కాపాడబడడానికే ఉన్నారు.

ఈ మధ్య అన్న కూతురు ఆ పాత ఆటల కొత్త రూపాలు ఆడుతుంటే, "అత్తా, నువ్వూ పట్టుకో" అని నా చేతిలో కంట్రోలర్ పెట్టింది. నలభై దాటాక మొదటిసారి ఆడాను.

మార్పు ఉంది, కాదనను. 2012లో వచ్చిన 'డబుల్ డ్రాగన్ నియాన్' పాత జ్ఞాపకం పేరుతో మారియన్ కడుపులో అదే గుద్దు మళ్ళీ గుద్దించింది. 2023 నాటి 'డబుల్ డ్రాగన్ గైడెన్'లో మాత్రం మారియన్ తానే ఆడదగిన పాత్ర. 2019లో వచ్చిన 'రివర్ సిటీ గర్ల్స్'లో మిసాకో, క్యోకో అనే ఇద్దరమ్మాయిలు తమ ప్రియులను విడిపించడానికి బయలుదేరతారు. తీరా చూస్తే వాళ్ళనెవరూ ఎత్తుకుపోలేదు! కథను తిరగేసినంత మాత్రాన కొత్త కథ అవుతుందా? అమ్మాయిలు వీధిలోకి రావడానికి ఇప్పటికీ ఒక అబ్బాయి కారణం కావాల్సిందేనా? 2020 నాటి 'స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 4'లో బ్లేజ్ దెబ్బలు అద్భుతం. ఆమె బట్టలు మాత్రం 1991లోలాగే చూసేవాడి కోసమే. దెబ్బ ఆమెదే, చూపు ఇంకా వాళ్ళదే.

మా కోడలికి ఇష్టం అదే ఆటలోని చెర్రీ. గిటారుతో కొట్టే కొత్త పిల్ల. ఎవరి కోసమూ ఏడవదు. చెర్రీని ఎంచుకున్నందుకు మా కోడల్ని ఎవరూ ఎగతాళి చెయ్యరు. నాకు ఆటకంటే అదే పెద్ద మార్పనిపించింది.

ఆ సాయంత్రం ఆట మధ్యలో ఆపి ట్యూషన్‌కు బయలుదేరింది. "చీకటి పడకముందే వచ్చేయ్. కాదులే, నేనే వచ్చి తీసుకొస్తా" అన్నాడు అన్న. కాలేజీ ఎగ్గొట్టి ఆ సందులో రాత్రి దాకా ఉన్నవాడే! నేను ముఖం చూస్తే, "రోజులు బాగలేవు చెల్లీ" అన్నాడు.

వాడి భయం అబద్ధం కాదు. కానీ తెర మీద వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచే పిల్ల, నంద్యాలలో నాలుగు సందులు ఒంటరిగా నడవలేకపోతే, మనం తిరగరాసిందేమిటి? వీధి నడవడానికి మన పిల్లలు అందర్నీ కొట్టి గెలవాల్సిన అవసరం లేని రోజు కావాలి. ఆ ఆటను ఇంకా ఎవరూ తయారుచెయ్యలేదు.