యానాం పురపాలక సభ: అధికార వికేంద్రీకరణముపై ఒక విమర్శ

గౌతమీ తీరమున సుమారు 30 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల యానాం భాషచేత తెలుగు సీమ. పరిపాలనచేత పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున ఒక భాగము. కాకినాడ దానికి దాపుననే యున్నది. రాజధానియగు పుదుచ్చేరి మాత్రము 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఇట్టి ప్రాంతమునకు స్థానిక స్వపరిపాలనము అలంకారము కాదు, అత్యవసరము. అయినను గడచిన శతాబ్దిన్నర చరిత్రను పరిశీలించినచో, సంస్థలు మాటిమాటికి సంస్కరింపబడినవే గాని అధికారము ప్రజల చేత స్థిరముగా నిలువలేదని తేటపడును.

ఫ్రెంచి ప్రభుత్వము 1879లో ఎన్నికతో కూడిన స్థానిక సభలను, 1880 నాటి శాసనముచే పురపాలక సభలను నెలకొల్పినది. ఆ కాలమును స్వర్ణయుగమని కొనియాడుట తగదు. ఓటర్లు చిరకాలము వేర్వేరు జాబితాలుగా విభజింపబడియుండిరి, పరమాధికారము గవర్నరుదే. అయినను ఆ సభల విలువ 1954 అక్టోబరు 18న కీళూరులో వెల్లడియైనది. ఫ్రెంచి స్థావరములు భారతదేశమున చేరవలెనా యను ప్రశ్నకు తీర్పు చెప్పినవారు ప్రతినిధిసభ సభ్యులును, పురపాలక సభ్యులును. ఓటు చేసిన 178 మందిలో 170 మంది విలీనమును కోరిరి. దేశభవితవ్యమును నిర్ణయింప నర్హులైన సభ్యులు వీథిదీపమును, మురుగుకాల్వను చక్కబెట్టుటకు అనర్హులని ఎవ్వరును అనజాలరు.

కాని తరువాతి చరిత్ర అట్లే నడచినది. 1968లో ఫ్రెంచి శాసనము క్రిందనే పురపాలక ఎన్నికలు జరిగినవి. 1973లో క్రొత్త పురపాలక చట్టము వచ్చినది. ఆ చట్టము క్రింద తొలి ఎన్నిక మాత్రము 2006లో గాని రాలేదు. 1968లో పుట్టిన శిశువు తన ఊరి సభకు తొలిసారి ఓటు వేయుటకు 38 ఏండ్లు వేచియుండవలసివచ్చినది. 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము సభల కాలపరిమితి అయిదేండ్లనియు, అది ముగియకమునుపే ఎన్నిక జరుగవలెననియు విధించినది. అయినను 2006 నాటి సభలు 2011లో ముగిసిన పిదప మరల శూన్యమే యేర్పడినది. 2021లో ఎన్నికల ప్రకటన వెలువడియు, రిజర్వేషన్ల వివాదముచే నిలిచిపోయినది. వెనుకబడిన తరగతుల హక్కు విస్మరింపదగినది కాదు. కాని దానిని తేల్చుటకు పదియేండ్లు చాలకపోవుటకు ఆ తరగతులు బాధ్యులు కారు.

యానాంకు శాసనసభలో ప్రతినిధి కలడనియు, ప్రాంతీయ పరిపాలనాధికారి యున్నాడనియు, సభ లేకున్నను పనులు ఆగవనియు సమాధానము చెప్పవచ్చును. ఇందు రెండు విషయములు కలగలిసిపోయినవి. రాజధానిలోని అధికారి సంతకమును యానాంలోని అధికారి చేయుట కార్యాలయముల వికేంద్రీకరణము. ప్రజలు తాము ఎన్నుకొన్నవారిని లెక్క అడుగగలుగుట అధికార వికేంద్రీకరణము. మొదటిది సౌకర్యము, రెండవది హక్కు. ఇక 30 మంది ఎన్నికైన సభ్యులు గల శాసనసభలో యానాంది ఒక్క గొంతు. తన పురపాలక సభలోనో, మొత్తము గొంతు దానిదే. 1965 నాటి అధికారభాషా చట్టము యానాంలో తెలుగు వాడుకకు అవకాశమిచ్చినది. ఆ భాషలో ప్రజలు వాదించి, తీర్మానించి, వ్రాసికొనవలసిన తొలి వేదిక ఆ సభయే. అది మూతపడినప్పుడు తెలుగు అర్జీల భాషగా మిగులునే గాని పరిపాలన భాష కానేరదు.

ఈ దోషము పుదుచ్చేరికే పరిమితము కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో కాలము ముగిసిన గ్రామపంచాయతీలకు 2021లో గాని ఎన్నికలు జరుగలేదు. కనుక యానాం కోరవలసినది ఒక రాజధానికి మారుగా మరొక రాజధానిని కాదు. నియతకాలమున ఎన్నిక, సభకు స్వంత ఆదాయము, పన్నెండవ షెడ్యూలులోని 18 విషయములలో స్పష్టమైన అధికారము, అధికారులు సభకు జవాబుదారులగుట: ఈ నాలుగును కలిసినగాని వికేంద్రీకరణము అర్థవంతము కాదు.

వివిధ రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారందరికిని ఇందు పాఠము కలదు. పెద్దసభలో తక్కువ సంఖ్యగా నుండువారికి చిన్నసభయే పెద్ద రక్ష. దానిని కాపాడుకొనని సమాజము తన భాషను ఉత్సవములయందు మాత్రమే వినవలసివచ్చును.