శవములోని బేతాళుడు, బురదలోని పురుషుడు

చందమామ బేతాళుని గురించి వ్రాయబూనుట ఇటువంటి సంచికకు తగునా యని మన సభ్యులలో కొందరు సందేహింపవచ్చును. బాగలూరు తెలుగు ఇండ్లలో భాగవత పద్యము రానివారు కలరు గాని, బేతాళుని ప్రశ్న వినని మా యీడువారు అరుదు. అంతగా మనతో పెరిగిన పాత్రను ఒకసారి తీరికగా విచారించుట న్యాయమే యని మేము తలంచుచున్నాము.

11వ శతాబ్దమున కాశ్మీరమునందు సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములో ఈ 25 బేతాళ కథలును కలవు. ఒక భిక్షువు కోరికపై రాజు శ్మశానమునకు పోయి, చెట్టునుండి శవమును దించి భుజమున వేసికొని నడచును. శవమునందలి బేతాళుడు దారిలో కథ చెప్పి, చివర ప్రశ్న వేయును. ఉత్తరము తెలిసియు చెప్పకున్న రాజు తల పగులును. చెప్పినచో బేతాళుడు మరల చెట్టెక్కును. ఇందొక సూక్ష్మము కలదు. తెలియనివానికి శిక్ష లేదు. తెలిసియు నోరు మెదపనివానికే శిక్ష. జీవితమంతయు కచేరీలో దస్త్రములు కట్టిన మాకు ఏ నియమావళిలోను ఇంత చక్కని నిబంధన కానరాలేదు. పైగా, నిజము పలికిన ప్రతిసారి రాజు చేతికందిన పని చేజారిపోవును. అయినను పలుకుచునే యుండును. రాక్షసుని చంపి రాజ్యము గెలుచు కథలు వేయి కలవు. భయపెట్టువాడే న్యాయము అడుగు కథ మాత్రము ఇదియొక్కటే మా మనసున నిలిచినది.

1947 జూలైలో మద్రాసున నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ప్రారంభించిన చందమామ ఆ పాత కథలతో తృప్తిపడక, అదే చట్రములో దశాబ్దముల తరబడి క్రొత్త కథలను పొదిగినది. 1952 నుండి 1980లో కన్నుమూయువరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారి తెలుగు వాక్యమును మేము మెచ్చుకొనని నెల లేదు. కాని అభిమానమున్నంత మాత్రమున లోపము చెప్పకుండుట తగదు. చెప్పకున్న మా తలయే పగులును. మూలమున రాజునకు చివరి ప్రశ్నకు ఉత్తరము తోచదు. అతని మౌనమునకు బేతాళుడు మెచ్చి, భిక్షువు పన్నిన కపటమును తెలిపి ప్రాణము కాపాడును. మాసపత్రికలో ఆ ముగింపునకు చోటు లేదు. రాజు ఎందుకు నడచుచున్నాడో పాఠకుడు క్రమముగా మరచిపోవును. ఇంకొకటి: తరువాతి కథలలో పెక్కింటి ప్రశ్న ముందే విప్పిపెట్టిన ముడి.

అసలు ముడి యెట్లుండునో తలలు మారిన కథ చూపును. దేవి వరమిచ్చినప్పుడు ఆ యిల్లాలు తొందరలో భర్త తలను తన సోదరుని మొండెమునకు, సోదరుని తలను భర్త మొండెమునకు అతికించును. ఇద్దరును లేచి కూర్చుందురు. భర్త యెవడు? అవయవములలో తల ప్రధానము గనుక భర్త తల గలవాడే భర్త యని రాజు తీర్పు. ఆ తీర్పుతో లోకము ఊరకుండలేదు. 1940లో జర్మను రచయిత టామస్ మన్ దీనినుండి ఒక నవలికను అల్లెను. 1971లో గిరీశ్ కర్నాడ్ మన పొరుగు కన్నడములో హయవదన నాటకము వ్రాసెను.

అదే 1971లో అమెరికా చిత్రకథలలో స్వాంప్ థింగ్ అను బురద పురుషుడు పుట్టెను. రచన లెన్ వైన్, చిత్రములు బెర్నీ రైట్‌సన్. మరుసటి యేడు అతనికి సొంత పత్రికయే వచ్చెను. మా మనుమడు బెంగుళూరునుండి తెచ్చిన సంపుటములను నిఘంటువు దగ్గర పెట్టుకొని చదివితిమి. ఎలెక్ హాలండ్ అను శాస్త్రజ్ఞుడు ప్రేలుడులో మండుచు చిత్తడి నేలలో పడి, నాచును వేళ్ళును కప్పుకొన్న ఆకారముగా లేచును. మరల మనిషి కావలెనని తపించును. 1984లో ఆలన్ మూర్ అను ఆంగ్ల రచయిత దీనిని తలక్రిందులు చేసెను. హాలండ్ ఏనాడో చనిపోయెను. అతని జ్ఞాపకములను గ్రోలిన మొక్కలే తాము అతడని భ్రమించినవట! శవము వేరు, పలుకువాడు వేరు అను మాటను మన పిల్లలు మొదటి పుటలోనే ఒప్పుకొందురు. అచ్చట దానికి 12 ఏండ్లు పట్టినది. అట్లని మనదే గొప్ప యనము. బురద పురుషునకు దుఃఖమున్నది. మన బేతాళునకు తెలివియే గాని వేదన లేదు. ఎవరి శవములోనున్నాడో ఆ మనిషిని గూర్చి అతడు ఒక్క మాట పలుకడు.

ఆ కొరతను కొంత తీర్చినది చిత్రకారుడు శంకర్ కుంచె. ఈరోడు ప్రాంతమున 1924లో పుట్టి 2020లో కీర్తిశేషుడైన ఈ తమిళుడు గీసిన రాజు చేత కత్తియున్నను, చూపు దానిపై నిలువదు. భుజముపై బరువునే చూచుదుము. ఆ బొమ్మయే తెలుగు చందమామలోను, తమిళ అంబులిమామలోను, కన్నడ చందమామలోను వచ్చుచుండెను. మూడు భాషలు ఒకే సంతలో వినబడు మన హోసూరు సీమకు ఇంతకంటె తగిన బొమ్మ యేది?

నేడు చందమామ ఆగిపోయి పదేండ్లు దాటినది. 2006 నాటి చట్టముతో ఒకటవ తరగతిలో మొదలైన నిర్బంధ తమిళము 2015–16కు పదవ తరగతిని చేరినది. తమిళము నేర్చుట మేలే. మేమును దానితోనే అన్నము తింటిమి. కాని మన పిల్లలు తెలుగు మాటలాడుదురు, తెలుగు కథ విందురు, తెలుగు అక్షరము చూచి మాత్రము ఆగిపోవుదురు. శంకర్ బొమ్మను గుర్తుపట్టి, క్రింది పంక్తి దగ్గర పెద్దల మొగము చూతురు.

అందుచేత మాదొక మనవి. పాత సంచికలు బైండు చేయించి దాచుకొన్నవారు వానిని సంఘమునకు తెచ్చి, నెలకొక కథను పిల్లలచేతనే కూడబలికించి చదివించవలెను. ప్రశ్న రాగానే పుస్తకము మూసివేయవలెను. ఉత్తరమును పిల్లలు తెలుగులో వ్రాసి తేవలెను. రాజు ఏమనెనో అటుపిమ్మట చూడవచ్చును. తలలు మారిన కథతో మొదలుపెట్టుడు. అచ్చులో దొరకకున్న మేమే వ్రాసి యిత్తుము. రాజు తీర్పును మన ఆడపిల్లలు ఒప్పుకొందురని మాకు నమ్మకము లేదు.