అలకు కొలత తెలిసిన ప్రవాహము

తరంగమును శాసింపదలచినవాడు దానిని బలిమిని త్రోయుటకంటె, అది దారిలో కోల్పోవు శక్తి యెంతయో కనిపెట్టి ఆ మేరకే పూరించుట నేర్వవలెనన్నది, చిరకాలము భౌతికశాస్త్రము బోధించిన నాకు కుదిరిన అభిప్రాయము.

అయస్కాంతమున పరమాణువుల స్పిన్‌లు, అనగా సూక్ష్మ అయస్కాంతముల వంటివి, ఒక్క దిక్కున నిలిచియుండగా, ఒకదాని చలనము పొరుగుదానికి సంక్రమించి స్పిన్ తరంగమై సాగునని 1930లో ఫెలిక్స్ బ్లాక్ ప్రతిపాదించెను. సెకనుకు వేయికోట్ల మారులు స్పందించు రేడియో తరంగము మూడు సెంటీమీటర్ల నిడివి గలదై యుండగా, అంతే త్వరగా స్పందించు స్పిన్ తరంగము మైక్రోమీటరులో నిముడగలదు. నానో నిర్మాణములలో సంకేతమును మోయుటకు దీనిని కోరుట అందువలననే. అయితే అది త్వరలోనే క్షీణించును.

పెన్న నిండుగ పారు దినములలో ఊటుకూరు తీరమున, సముద్రమునకు పోవు నీరు లోనికి వచ్చు అలల కెదురై వానిని కుదించి నిక్కించును. లోహపు పట్టీలో ఎలక్ట్రానుల ప్రవాహము కూడ స్పిన్ తరంగమును ఇట్లే మార్చునని 2008లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు వ్లామింక్, బైయ్యేల్ చూపిరి. విద్యుత్తు దిశ త్రిప్పగా తరంగపు పౌనఃపున్యమందలి మార్పు కూడ తిరుగబడెను.

తరంగము కోల్పోవు శక్తిని పూరించు ఉపాయము వేరొకటి కలదు. ప్లాటినం పొరలో విద్యుత్తు పారునపుడు, ఎదురెదురు స్పిన్‌లుగల ఎలక్ట్రానులు చెరియొక ప్రక్కకు ఒరిగి, ఆనుకొనియున్న అయస్కాంతమునకు తమ స్పిన్‌ను అందించును. దిశ అనుకూలించినచో తరంగక్షయము తగ్గును, ప్రతికూలించినచో హెచ్చును, క్షయమంతయు పూరింపబడు హద్దు దాటినచో తరంగము తనంతట పుట్టును. 2010లో జపానులో సైతో బృందము, ఇట్రియం ఇనుప గార్నెట్ అను విద్యుద్బంధకముపై ఒక ప్లాటినం పట్టీలోని విద్యుత్తును స్పిన్ తరంగముగ మార్చి, మిల్లీమీటరు దూరమున రెండవ పట్టీలో మరల వోల్టేజీగ రాబట్టెను. ఎలక్ట్రాను దాటలేని చోట సంకేతము దాటెను.

ఇట్టి ప్రభావము ఏ పదార్థమున కలుగునన్న ప్రశ్న మిగులును. ఏ స్ఫటికమున ఏ ధర్మము పొడసూపనగునో సౌష్ఠవమే విధించునని భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతంగారు 1966లో వెలువరించిన స్ఫటిక సౌష్ఠవ గ్రంథము విశదపరచును. కాని సౌష్ఠవము సాధ్యాసాధ్యములను చెప్పునే గాని, ఎంత యన్నది చెప్పదు. ఎంత యన్నది పదార్థమును బట్టియు, పొర నునుపును బట్టియు, చేయువాని నేర్పును బట్టియు ఉండును. విద్యుత్తు రెట్టింపైనచో వేడి నాలుగింతలగును గనుక, ఇట్టి సాధనమును పరీక్షించువాడు తరంగ మెంత పెద్దదని గాక, హద్దునకు చేరుటకు ఎంత తక్కువ విద్యుత్తు చాలినదని అడుగవలెను. అలను నిలుపబోయి పట్టీని కాల్చు ప్రవాహము విజయ మనిపించుకొనదు.